రోలాండ్ మౌన్సీ చెవిగాటు

థోరా రెల్ఫ్ ఆ పొద్దున తన కుక్కకంటే ముందు నిద్ర లేచింది. దానికి తిండి పడేసి, కోటు బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని, వదిన కారు వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడింది. వాన పడుతోంది. వార్న్‌డేల్ లోయలో నవంబరులో వాన పడకపోతేనే జనం బయటికొచ్చి ఆకాశం కేసి చూస్తారు.

"ముందా బొత్తాలు సరిచేసుకో," అంది ఎడ్నా కారు తలుపు తీస్తూ. "మూడొందల ఏళ్లనాటి కాగితాలుండే చోటికి వెళ్తున్నాం. నిన్ను చూసి ఇదీ పాత సరుకేననుకుని అట్టపెట్టెలో పెట్టి మూత వేసేస్తారు."

"వేస్తే వెయ్యనీ వదినా. లోపల పొడిగా ఉంటుంది."

ఎడ్నా థోరా అన్న విల్ఫ్‌కి భార్య. విల్ఫ్ పోయి ఆరేళ్లయింది గానీ వదినా మరదళ్ల ముచ్చట్లు మాత్రం పెళ్లినాటి నుంచి ఒక్కరోజు ఆగలేదు. ఒకరినొకరు వెక్కిరించుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు. అయితే ఎడ్నా పుట్టింటివాళ్లు మౌన్సీలు. ఈ ప్రయాణంలో చిక్కల్లా అదే.

వాగుకి ఇవతల హైరిగ్‌లో ఉండేది థోరా. అవతల థ్రాంగ్‌లో ఉండేది ఎడ్నా అన్నయ్య, ఐజాక్ మౌన్సీ. ఇద్దరి మందలూ ఒకే కొండ మీద కలిసి మేస్తాయి. కొండకి కంచె లేదు. ఏ గొర్రె ఎవరిదో చెప్పేది దాని చెవి. పుట్టిన వసంతంలోనే పిల్ల చెవి కోసి గుర్తు పెడతారు. ఒక్కో మందకి ఒక్కో గాటు. లోయ మొత్తమ్మీద ఈ రెండు మందలకి మాత్రం ఒకే గాటు, కుడిచెవి కొస తెగి, ఎడమచెవి కింది అంచున చదరంగా చిన్న ముక్క లేచిపోయి ఉంటుంది. ఏవి ఎవరివో తెలియడానికి థోరా గొర్రెల భుజం మీద ఎర్రచార, ఐజాక్ గొర్రెల తుంటి మీద నీలంచార. వార్న్‌డేల్ వానకి ఏ రంగు నిలుస్తుంది? చారలు వెలిసిపోయాక ఏటా ఒక రగడ.

ఈ ఏడు లోయ పెద్దలకి విసుగెత్తింది. మందల గుర్తుల పుస్తకం మళ్లీ అచ్చువేస్తున్నారు. ఒక కొండ మీద ఒక గాటు ఒక మందకే అన్నారు. ఎవరిదో శనివారం కాపరుల కూడికలో తేల్చేస్తారు. ఓడినవాళ్లు వచ్చే వసంతం నుంచి పిల్లల చెవులు ఇంకోలా కోసుకోవాలి.

అంతేనా, దానికింత గోలా అని పట్నంవాళ్లు అనొచ్చు. థోరా చిన్నప్పుడే వాళ్ల నాన్న ఆమె మోకాళ్ల మధ్య గొర్రెపిల్లని ఇరికించి, చేతిలో చేయి వేసి ఆ కోత నేర్పాడు. ఆయనకి వాళ్ల నాన్న నేర్పాడు. అప్పటినుంచి ప్రతి వసంతం ఆమె చేతులు ఆ పని కళ్లు మూసుకుని చేస్తున్నాయి. అరవై నాలుగేళ్లొచ్చాక ఇంటిపేరు మార్చుకోమంటే ఎలా ఉంటుందో ఆమెకి అలా ఉంది. నెల రోజులుగా ఇంకో ధ్యాస లేదు.

ఐజాక్ వాదన మాత్రం గట్టిగానే ఉంది. పదేళ్ల కిందట చర్చి పైకప్పు బాగు కోసం చందాలు పోగేస్తున్నప్పుడు ఎడ్నా పాత చర్చి రిజిస్టరు అంతా టైపు చేసి, తారీఖుల వరసలో పేర్చి, పుస్తకం కుట్టించి అమ్మింది. అందులో మూడు సంగతులున్నాయి. 1698 ఫిబ్రవరిలో "మేబెల్ కూతురు బ్రిజెట్, థ్రాంగ్" అని ఒక బాప్తిస్మం. తండ్రి పేరు లేదు. అదే ఏడు మే నెలలో థ్రాంగ్ యజమాని రోలాండ్ మౌన్సీకీ, మేబెల్‌కీ పెళ్లి. డిసెంబరులో రోలాండ్ చావు. ఆ బ్రిజెట్టే పెద్దయ్యాక రెల్ఫుల ఇంటి కోడలైంది. ఐజాక్ దీన్ని సారాకొట్లో చెప్పే తీరు వేరు. పనిపిల్ల ఒకర్తి ఎవరికో కన్న బిడ్డని చంకనేసుకుని వచ్చింది, యజమానిని బుట్టలో వేసుకుంది, ఆయన పోగానే గొర్రెల్నీ గాటునీ ఎత్తుకుపోయి రెల్ఫులకి సమర్పించింది. "దొంగగాటు" అంటాడు. అని, గ్లాసు బల్ల మీద ఠక్కున పెడతాడు.

పోయిన వారం థోరా మేనకోడలు ఫోన్‌లో వెతికి చెప్పింది, రోలాండ్ మౌన్సీ వీలునామా ఒకటి ప్రెస్టన్ రికార్డాఫీసులో ఉందని. అదీ ఈ పరుగు.

"నేను నీకు తోడు రావడం లేదు, గుర్తుంచుకో," అంది ఎడ్నా పెద్దరోడ్డు ఎక్కాక. "మౌన్సీల తరఫున కాపలాకి వస్తున్నా. అందులో నీకు నచ్చని ముక్కేదైనా ఉంటే నువ్వు నమిలి మింగేస్తావేమోనని."

"ఆకలేస్తే నీ అల్లం కేకు తింటాలే. అది తిన్నాక కాగితం మెత్తగానే ఉంటుంది."

రికార్డాఫీసులో సంచులు, కోట్లు, పెన్నులు, కేకు, అన్నీ అరలో పెట్టి తాళం వేయించారు. లోపలికి పెన్సిలు, ఫోను మాత్రమే. పొడుగాటి బల్ల మీద స్పాంజి దిండు వేసి, దాని మీద ఒక మడత కాగితం పెట్టి, అంచులు లేవకుండా పూసలు నింపిన గుడ్డతాళ్లు బరువుగా వేసి వెళ్లిపోయింది అక్కడి ఉద్యోగిని. వెళ్తూ వెళ్తూ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. వీళ్లిద్దరినీ చూడగానే ఆవిడకి ఏదో అనుమానం వచ్చినట్టుంది.

కాగితం గోధుమరంగు తిరిగింది. రాత మాత్రం దున్నిన చాళ్లలా ఒద్దికగా ఉంది. చర్చిలో పాత రాతలు చదివీ చదివీ ఎడ్నా కళ్లకి అలవాటు. ఆమె పెన్సిలు మొన గాల్లో జరుపుతూ గుసగుసగా చదవడం మొదలుపెట్టింది.

"దేవుని నామమున, ఆమెన్. వార్న్‌డేల్ లోయలో థ్రాంగ్ కాపురస్తుడనైన రోలాండ్ మౌన్సీ అను నేను, ఒంట నలతగా నున్నను జ్ఞాపకము నిండుగా నున్నవాడనై, 1698వ సంవత్సరము డిసెంబరు నెలలో వ్రాయించిన వీలునామా ఏమనగా..."

"ఆ సోదంతా ఎందుకు, గాటు సంగతి చూడు!"

"చర్చిలో ప్రార్థన కూడా ఇలాగే తొందరపెడతావు నువ్వు. ఆగు. ఆఁ... నా భార్య మేబెల్ ఇప్పుడు కడుపుతో నున్నది."

థోరా వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పుట్టబోవు శిశువు మగవాడైనచో ఇల్లు, భూమి, మంద యావత్తు వానికి చెందవలెను. ఆడపిల్లయైనచో ఇల్లు, భూమి నా తమ్ముడు గావెన్‌కును, ముప్పది గొర్రెలును... థోరా, నా చెయ్యి వదులు, నొప్పెడుతోంది... ముప్పది గొర్రెలును, నా చెవిగాటును ఆ పిల్లకును చెందవలెను."

"ఏదీ, మళ్లీ చదువు!"

"నా చెవిగాటును ఆ పిల్లకును."

"దొంగగాటట! దొంగగాటు!" అని థోరా కుర్చీలోంచి లేచింది. గదిలో నలుగురూ తలలెత్తి చూశారు. ఉద్యోగిని మళ్లీ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. థోరా కూర్చుంది. కాగితం అడుగున సాక్షుల గుర్తులున్నాయి. ఒకాయన సంతకం, ఇంకొకాయన పెట్టిన అడ్డగీత, వాటి పక్కన "రోలాండ్ మౌన్సీ వేసిన గుర్తు" అని. రోలాండ్‌కి రాయడం రాదు. రానివాళ్లు ఇంటూ గుర్తు వేస్తారు. ఆయన అలా వేయలేదు. వణికే చేత్తో రెండు చెవులు గీశాడు. కుడిదానికి కొస లేదు. ఎడమదాని కింది అంచున చదరంగా చిన్న గాటు.

థోరా ఆ బొమ్మ మీద వేలు పెట్టలేదు, సిరాకి వేలు తగలకూడదని చెప్పారు. కానీ ఆ కోత ఎంత లోతు ఉండాలో, కత్తి ఏ వాలున పట్టుకోవాలో ఆమె బొటనవేలికి తెలుసు. ఆ చావుమంచం మీది మనిషి గీసినది తను మొన్న ఏప్రిల్లో కోసినదే. ఆమెకి కళ్లనీళ్లు వచ్చేశాయి. ఏడుస్తున్నందుకు నవ్వొచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి ఒక వింత శబ్దం వచ్చింది.

"థోరా," అంది ఎడ్నా. ఈసారి గొంతులో వెక్కిరింపు లేదు. "నాకు చెప్పబుద్ధి కావడం లేదమ్మా. కానీ చెప్పాలి."

"ఏంటి?"

"ఇది రాసింది డిసెంబరులో. అప్పటికి మేబెల్ కడుపుతో ఉంది. మన బ్రిజెట్ బాప్తిస్మం ఆ ఏడు ఫిబ్రవరిలోనే అయిపోయింది. అంటే ఈ వీలునామా రాసేనాటికి బ్రిజెట్ పాకుతూ ఉండాలి. కడుపులో ఉన్నది ఇంకో బిడ్డ."

థోరా మళ్లీ కాగితం మీదికి వంగింది.

"పైగా చూడు, ఎక్కడా బ్రిజెట్ పేరే లేదు. సొంత కూతురు ఇంట్లో తిరుగుతుంటే ఏ తండ్రైనా ఒక్క ముక్కైనా రాయించడా? ఇంకా ఉంది, విను." ఎడ్నా గొంతు ఇంకా తగ్గించింది. "ఆ శిశువు బ్రతకనిచో చెవిగాటు సైతము గావెన్‌కే పోవలెను. రిజిస్టరులో ఆ తర్వాత ఇంకో బాప్తిస్మం లేదు థోరా. నేనే టైపు చేశాగా. ఆ బిడ్డ దక్కలేదు. గాటు గావెన్‌కి పోయింది. మా అన్నయ్య వాళ్లది గావెన్ వంశం."

థోరాకి గాలి తీసేసినట్టయింది. ఐజాక్‌కి కావలసిన సాక్ష్యం తనే స్వయంగా రెండు గంటలు కారులో వచ్చి, వెతికి, అతని చెల్లెలి చేత చదివించి మరీ బయటికి తీసింది. ఇంతకంటే బుద్ధితక్కువ పని లోయలో ఎవరూ చేసి ఉండరనిపించింది. కొండ, మంద, నాన్న చేయి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వచ్చే వసంతంలో ఏ గాటు కోయాలో ఎవరో చెప్తే నేర్చుకోవాలి కాబోలు.

"నేను అన్నయ్యకి చెప్పనులే," అంది ఎడ్నా మెల్లగా. "మనం దీన్ని చూడలేదనుకుందాం. పద, కేకు తిందాం."

"దొంగతనంగా ఉంచుకున్నట్టే కదా వదినా అది. అప్పుడు నిజంగానే దొంగగాటవుతుంది." థోరా ముక్కు తుడుచుకుంది. "ఎలా ఉందో అలా ఫోటో తీసుకుందాం. రెండు పక్కలా తియ్యి. పూర్తిగా చూపిస్తా కూడికలో."

ఎడ్నా ఫోటో తీసింది. థోరా గుడ్డతాళ్లు పక్కకి జరిపి, కాగితాన్ని పసిబిడ్డని తిప్పినట్టు తిప్పింది. వెనకవైపు లాటిన్లో నాలుగు వరసలు. చర్చి కోర్టువాళ్లు వీలునామాని ఖాయం చేసినప్పుడు రాసేవి. ఎడ్నాకి కూడా లాటిన్ అంతంతమాత్రమే. కానీ నెల పేరు, అంకెలు తెలుస్తున్నాయి. జనవరి, 1698.

థోరా రెండుసార్లు చూసింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి చూసింది.

"వదినా, ఈ కోర్టువాళ్లు తాగి ఉన్నారా?"

"ఎందుకు?"

"వీలునామా రాసింది 1698 డిసెంబరు. ఖాయం చేసింది 1698 జనవరి. ఆయన రాయకముందే, పెళ్లి కూడా చేసుకోకముందే, పోయాడని ఖాయం చేసేశారు!"

"ఆ రోజుల్లో అందరూ తాగే రాసేవాళ్లు," అంది ఎడ్నా. "మా రిజిస్టరు రాసిన అప్పటి పాదిరి కూడా అంతే. టైపు చేసేటప్పుడు నా ప్రాణం తీశాడు. డిసెంబరు రాశాక మళ్లీ అదే ఏడు వేసి జనవరి, ఫిబ్రవరి రాసుకుంటూ పోయాడు. మార్చి నెలాఖరులో ఎక్కడో పేజీ మధ్యలో లేచి అంకె మార్చాడు. ఒక్క ఏడు కాదు, ప్రతి ఏడూ ఇదే వరస. పాపం ముసలాయన, మతిమరుపనుకుని నేనే జనవరి ఫిబ్రవరుల్ని తీసుకెళ్లి ముందు పెట్టి సరిచేశా."

థోరా వదిన మొహంలోకి చూసింది.

"మార్చిలో ఏ తారీఖున మార్చాడు?"

"ఇరవై నాలుగో, ఇరవై ఐదో... లేడీ డే ముందూ వెనకా."

లేడీ డే! ప్రతి మార్చి ఇరవై ఐదున వాళ్ల నాన్న నల్లకోటు వేసుకుని భూస్వామి గుమాస్తాకి కౌలు కట్టి వచ్చేవాడు. వచ్చి, బూట్లు విప్పుతూ, "ఏడాది తిరిగిందర్రా," అనేవాడు. జనవరి ఒకటిన ఆయన అలా ఎప్పుడూ అనలేదు. చిన్నతనంలో అది ముసలాళ్ల మాటతీరు అనుకుంది. ఉగాదికి కొత్త సంవత్సరం పట్టేవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు గానీ, థోరాకి మాత్రం అది ఇప్పుడే వెలిగింది.

"వదినా," అంది. "నువ్వు విల్ఫ్ కొట్టు లెక్కలు చూసేదానివి కదా. పన్నుల ఏడాది ఏప్రిల్లో ఎందుకు మొదలవుతుంది?"

"ఎవడికి తెలుసు? ఏడాదికోసారి దాన్ని తిట్టుకోవడమే నా పని."

"మన పాతవాళ్ల ఏడాది జనవరిలో తిరిగేది కాదు. లేడీ డేకి తిరిగేది! తర్వాత క్యాలెండరు మార్చినప్పుడు పన్నులవాళ్లకి అది పదకొండు రోజులు జరిగి ఏప్రిల్లో పడింది. డిసెంబరు 1698 అయిపోయాక వచ్చింది జనవరి 1698. దాని తర్వాత ఫిబ్రవరి, అదీ 1698. పాదిరికి మతిమరుపు లేదు. కోర్టువాళ్లు తాగలేదు. రోలాండ్ డిసెంబరులో రాశాడు, డిసెంబరులోనే పోయాడు, జనవరిలో ఖాయం చేశారు, ఫిబ్రవరిలో..."

ఎడ్నా వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

"ఫిబ్రవరిలో బ్రిజెట్ పుట్టింది," అంది ఎడ్నా. "మేలో పెళ్లి. ఫిబ్రవరిలో పురుడు. అయ్యో దేవుడా. కడుపులో ఉన్నది బ్రిజెట్టే. తండ్రి పేరు లేకపోవడం... అప్పటికే ఆయన లేడు కదా!"

"వీలునామాలో పేరు లేకపోవడం..."

"ఇంకా పుట్టలేదు కదా!"

"దయచేసి కాస్త మెల్లగా," అంది ఉద్యోగిని, ఈసారి స్వయంగా వచ్చి.

ఇద్దరు పెద్దమనుషులు అంగలు వేస్తూ ఆ గదిలోంచి బయటపడ్డారు. తాళం అరల దగ్గర ఎవరూ లేరు. అక్కడ థోరా ఎడ్నాని నడుం పట్టుకుని ఎత్తబోయింది. ఎడ్నా లేవలేదు, థోరా ఊపిరే లేచిపోయింది. ఇద్దరూ గోడకి చేరగిలబడి కళ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వారు.

"మూడొందల ఏళ్లు పద్ధతిగా ఉన్న పిల్లని నేను ఒక్క చేత్తో అక్రమసంతానం చేశాను," అంది ఎడ్నా, నవ్వు ఆగి. "టైపు చేసి, కుట్టించి, చర్చి కోసమని అమ్మాను కూడానూ. అన్నయ్య ఆ పుస్తకాన్ని చూసుకునే ఇంత రెచ్చిపోయాడు. ఆయనకి ఎవరు చెప్తారిప్పుడు?"

"నువ్వే."

"నేనా! నన్ను చంపేస్తాడు."

"మౌన్సీల కాపలా కదా నువ్వు. కాపలా కాసిందేదో చెప్పు మరి."

శుక్రవారమంతా థోరా ఫోటోని పెద్దది చేయించి, భూతద్దం పెట్టుకుని, ఒక్కో మాటా కాగితం మీద ఎత్తి రాసుకుంది. సాక్షుల గుర్తుల కింద సిరా వెలిసిపోయిన మూడు వరసలున్నాయి. ఆ రోజు హడావిడిలో ఇద్దరూ వాటిని వదిలేశారు. వాటి దగ్గరికి వచ్చేసరికి ఆమె భూతద్దం పక్కన పెట్టి, కిటికీలోంచి వాగుకి అవతల థ్రాంగ్ పొగగొట్టం వైపు చాలాసేపు చూసింది. ఎడ్నాకి ఫోన్ చేయలేదు.

శనివారం కూడిక సారాకొట్టు వెనక పెద్దగదిలో జరిగింది. తప్పిపోయి దొరికితే యజమానులకి అప్పగించడానికి తెచ్చిన గొర్రెలు బయట దడిలో అరుస్తున్నాయి. లోపల తడి కోట్ల వాసన, పొగ, నేల మీద కుక్కలు, బల్లల మీద పళ్లాల నిండా వేడివేడి మాంసం దుంపల కూర, టేటీ పాట్. ముందు తిండి, తర్వాతే తగువు. అది అక్కడి మర్యాద. ఐజాక్ మౌన్సీ రెండోసారి మాంసం, బంగాళాదుంపలు వడ్డించుకుని, ఎర్ర క్యాబేజీ పక్కకి నెట్టి తిన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఇంకా ఒక్క దెబ్బకి గొర్రెని బోర్లా పడేయగలడు.

"ఏమ్మా థోరా, పట్నం వెళ్లొచ్చావట," అన్నాడు మీసం తుడుచుకుంటూ. "అక్కడ చెవులు కోయడానికి కొత్త నమూనాలేమైనా దొరికాయా? వచ్చే వసంతానికి పనికొస్తాయి."

గది ఘొల్లుమంది. థోరా ఏదో అనబోయేలోగా ఎడ్నా లేచి నిలబడింది. మొహం క్యాబేజీ కంటే ఎర్రగా ఉంది.

"అన్నయ్యా, నవ్వింది చాలు. ముందు నా తప్పు విను." పాదిరి సంగతి, లేడీ డే సంగతి, తను జనవరి ఫిబ్రవరుల్ని ఎత్తుకెళ్లి ముందు పెట్టిన సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. "పాదిరికి మతిమరుపు లేదు. నాకు తెలివి ఎక్కువైంది. బ్రిజెట్ రోలాండ్ కూతురే. పుస్తకం కొన్నవాళ్లంతా తీసుకురండి, నా చేత్తో దిద్దిస్తాను. డబ్బులు మాత్రం అడక్కండి, అవి పైకప్పు మీద ఉన్నాయి."

నవ్వులు, చప్పట్లు, బల్లల మీద దరువులు. కూడిక పెద్ద చేయెత్తి సద్దు మణిగించి, వీలునామా చదవమన్నాడు. థోరా చదివింది. చెవిగాటు ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు గది నలుమూలలా మోగింది. పెద్ద ఫోటో చేతులు మారింది. రెండు చెవుల బొమ్మ చూసి కాపరులు ఒక్కొక్కరే టోపీలు వెనక్కి నెట్టుకున్నారు.

"ఇంకేం, తేలిపోయింది," అన్నాడు కూడిక పెద్ద. "గాటు హైరిగ్‌ది. ఐజాక్, నువ్వు వచ్చే వసంతానికి..."

థోరా ఐజాక్ వైపు చూసింది. గెలుస్తానని తెలిశాక ఆ మొహం చూడాలని ఎంత ఉబలాటపడిందో! ఐజాక్ ఎవరి వైపూ చూడటం లేదు. బల్ల మీద తన చేతులు రెండూ బోర్లా పెట్టి వాటి వంకే చూసుకుంటున్నాడు. ఎడమచేతి బొటనవేలు కదులుతోంది, కత్తి వాలు చూసుకుంటున్నట్టు. ఆ కదలిక థోరాకి తెలుసు. ఆయనకి కూడా ఎవరో నాన్న, ఎప్పుడో చిన్నప్పుడు, చేతిలో చేయి వేసి నేర్పి ఉంటాడు. తను నెల రోజులు పడ్డ బాధ ఇప్పుడు ఆయన పడుతున్నాడు. థోరాకి జాలేసింది.

"ఇంకా మూడు వరసలున్నాయి," అంది. "అయిపోలేదు."

ఎడ్నా ఆశ్చర్యంగా తలెత్తింది.

"ఆడపిల్లయైనచో, అది పెరిగి పెద్దదగువరకు దాని గొర్రెలను నా తమ్ముడు గావెన్ తన మందలో కలిపి మేపి, యేటేట పుట్టు పిల్లలకు ఆ గాటునే కోయుచు, దాని సొత్తును తన సొత్తువలె చూచుకొనవలెను."

బయట ఒక గొర్రె అరిచింది.

"అందుకా రెండు మందలకీ ఒకే గాటు," అన్నాడు కూడిక పెద్ద నెమ్మదిగా.

"అంతే. ఎవరూ దొంగలు కారు. అన్న పోతే తమ్ముడు, ఆ పసిదాని గొర్రెల్ని తన వాటితో కలిపి పెంచాడు. గాటు కోస్తూ పోయాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆయన ఆపలేదు."

ఐజాక్ తలెత్తాడు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, కానీ నోరు ఊరుకోలేదు.

"అంటే మూడొందల ఏళ్ల నుంచి మేం మీ గొర్రెలకి దాదులమా? ఆ పిల్ల ఇంకా పెద్దది కాలేదా?"

గది విరగబడి నవ్వింది. థోరా నవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఐజాక్ పక్కన నిలబడి, ఆయన చేతుల పక్కన తన చేయి పెట్టింది. రెండు చేతుల బొటనవేళ్లకీ ఒకే చోట, కత్తి ఆనే చోట, కాయ కాసి ఉంది.

"గాటు హైరిగ్‌దని పుస్తకంలో రాయించండి," అంది కూడిక పెద్దతో. "దాని కిందే, థ్రాంగ్‌వాళ్లు కూడా అదే కోస్తారని, హైరిగ్ ఒప్పుకుందని రాయించండి." తర్వాత వంగి, బ్రిజెట్ గావెన్‌ని పిలిచి ఉండే వరసతో, ఐజాక్‌కి మాత్రమే చెప్తున్నట్టు అంది గానీ గదంతా విన్నది: "పిల్ల ఇంకా చిన్నదే బాబాయ్. ఇంకొన్నాళ్లు చూసుకో."